రీఫ్ ట్యాంకులో సూపర్ గ్లూ: అపోహలు - వాస్తవాలు

పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియమే రీఫ్ ట్యాంకు. అందులో పగడాలను రాళ్లకు అతికించడానికి సూపర్ గ్లూ వాడతారు.

అపోహ: సూపర్ గ్లూ చుక్క పడితే ట్యాంకులో ప్రాణులన్నీ చనిపోతాయి.

వాస్తవం: ఇందులోని సయనోఅక్రిలేట్ తేమ తగలగానే గట్టి ప్లాస్టిక్‌గా మారుతుంది. అలా మారాక నీటికి హాని చేయదు. పగడపు దిబ్బల పునరుద్ధరణలోనూ ముక్కలను ఈ రకం జిగురుతో అతికిస్తారు. రంగులు, ఇతర రసాయనాలు కలపని జెల్ రకమే కొనండి. పల్చటి ద్రవం నీటిలో తెల్లటి పోగులుగా విడిపోయి చికాకు పెడుతుంది.

అపోహ: నీటి అడుగున అది అంటుకోదు.

వాస్తవం: దాన్ని గట్టిపరిచేదే నీరు. ఇబ్బందల్లా, ముంచగానే జెల్ పైన పొర కడుతుంది. అందుకే ఊరికే ఆనిస్తే పగడం మర్నాడు ఇసుకలో పడి ఉంటుంది. ముందు రాతి మీది నాచును, మడ్డిని బ్రష్‌తో రుద్ది తీసేయండి. పంపులు ఆపండి. ప్లగ్ (పగడం ముక్క అతికి ఉన్న చిన్న దిమ్మ) అడుగున శనగగింజంత జెల్ పెట్టి, రాతికి అదిమి, అటూ ఇటూ మెలితిప్పండి. పొర చిరిగి లోపలి తాజా జిగురు రాతిని పట్టుకుంటుంది. కొన్ని నిమిషాలు కదపకండి. రాయి ఎగుడుదిగుడుగా ఉంటే ఎపాక్సీ (పిసికి కలిపితే గట్టిపడే బంక) ముద్దకు రెండు వైపులా జెల్ రాయండి. ఆ తర్వాత స్కిమ్మర్ (నురగతో నీటిలోని మలినాలు తీసే పరికరం) పొంగిపొర్లితే కంగారు వద్దు, కాసేపు గాలి తగ్గించండి.

అపోహ: ఏ పగడాన్నైనా ఇలాగే అతికించవచ్చు.

వాస్తవం: జిగురు తగలాల్సింది అస్థిపంజరానికి, కండకు కాదు. కండను కప్పేస్తే అక్కడ అది చచ్చిపోతుంది. బంక కారే మెత్తటి పగడాలకైతే జిగురు నిలవదు. వాటిని చిన్న రాళ్లతో కలిపి గిన్నెలో వేసి, పైన వల కప్పి, ప్రవాహం తక్కువగా ఉన్న చోట ఉంచితే అవే పట్టుకుంటాయి.

అపోహ: అద్దం అతుకు కారితే దీనితో పూడ్చవచ్చు.

వాస్తవం: వద్దే వద్దు. ఇది పెళుసు. అక్కడ అక్వేరియం సిలికానే వాడాలి.

అపోహ: జాగ్రత్తలన్నీ చేపల కోసమే.

వాస్తవం: నా దృష్టిలో ప్రమాదం మనకే ఎక్కువ. పగడాల లాంటి మెత్తటి జీవులైన జోయాంథిడ్‌లను, ముఖ్యంగా వాటిలో ఒక రకమైన పాలిథోవాలను కోసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. నూలు గ్లవ్స్ వేసుకోవద్దు, పత్తికి ఈ జిగురు తగిలితే వేడెక్కి చర్మం కాలుతుంది. వేళ్లు అతుక్కుంటే గోరువెచ్చటి సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీయండి. అసిటోన్ వాడితే ట్యాంకుకు దూరంగా వాడి, చేతులు బాగా కడుక్కోండి. కంట్లో పడితే రెప్పలను లాగకుండా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.