తాడు కట్టేముందు బెల్టు తీయండి

దారి మధ్యలో ఆగిపోయిన స్నోమొబైల్ (ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్‌తో మంచు మీద నడిచే మోటారు బండి) మామూలుగా 200 నుంచి 300 కిలోల బరువు ఉంటుంది. చదునైన మంచు మీద దాన్ని లాగడం ఇంకో స్నోమొబైల్‌కి పెద్ద పనేం కాదు. అయినా తాడు కట్టుకుని బయల్దేరిన బండ్లు కొన్ని గమ్యం చేరేసరికి ఉన్న రోగానికి తోడు ఇంకో రెండు తెచ్చుకుంటాయి. తిరగకూడని భాగం లోపల తిరుగుతూ ఉండటం ఒక కారణం. వదులైన తాడు ఒక్క కుదుపుతో బిగుసుకోవడం రెండోది. లాక్కురావడంలో మెళకువలన్నీ దాదాపుగా ఈ రెండింటి చుట్టూ తిరిగేవే.

తాడు బయటికి తీసేముందు, అసలు దాని అవసరం ఉందో లేదో చూసుకోవాలి. ఇంజన్‌ని ఆపే కిల్ స్విచ్ నొక్కి ఉందా, నడిపేవాళ్ల కోటుకి తగిలించే టెథర్ (ఊడితే ఇంజన్‌ని ఆపేసే తీగ) ఊడిందా, ట్యాంకులో పెట్రోలు ఉందా? ఇంజన్ మోగుతున్నా బండి కదలకపోతే, ఇంజన్ బలాన్ని ట్రాక్ వైపుకి చేర్చే డ్రైవ్ బెల్టు తెగి ఉండొచ్చు. దగ్గర ఇంకో బెల్టు ఉంటే లాగే పనే తప్పుతుంది. అయితే తెగిన బెల్టు దారాలు లోపల షాఫ్టుకి చుట్టుకుని ఉండొచ్చు. వాటిని పూర్తిగా పీకేశాకే కొత్తది వేయాలి.

ఇంజనే చచ్చిపోయిందనుకోండి. అప్పుడు మొదట చేయాల్సింది బాగానే ఉన్న ఆ బెల్టుని విప్పేయడం. ఇది వింతగా అనిపిస్తే గేర్లులేని స్కూటర్‌ని గుర్తు తెచ్చుకోవచ్చు. రెండింట్లోనూ రెండు కప్పీలు, వాటి మధ్య రబ్బరు బెల్టు. స్కూటర్‌లో వెనక చక్రం దగ్గర విడిగా ఒక క్లచ్ ఉంటుంది కాబట్టి, ఆగిన స్కూటర్‌ని నెట్టుకుపోయినా బెల్టు కదలదు. స్నోమొబైల్‌లో ఆ విడి క్లచ్ లేదు, ఇంజన్‌కి తగిలించిన కప్పీయే క్లచ్. చాలా బండ్లలో ఇంజన్ నిమిషానికి 3,000 నుంచి 4,000 చుట్లకు చేరినప్పుడు దానిలోని బరువులు బయటికి విసిరినట్టు జరిగి, కప్పీ పళ్లేలు రెండింటినీ దగ్గరికి నొక్కి బెల్టుని పట్టుకుంటాయి.

ఆగిన బండిని లాగితే ఇదంతా తలకిందులవుతుంది. నేల మీద ట్రాక్ తిరుగుతుంది, అది చెయిన్ కేసు (లోపల చెయిన్ తిరిగే పెట్టె) మీదుగా రెండో కప్పీని తిప్పుతుంది, ఆ కప్పీ బెల్టుని లాగుతుంది. ఇంజన్ వైపు కప్పీ మాత్రం కదలదు. కదలని లోహం మీద కదిలే రబ్బరు రాసుకుంటూ ఉంటే బెల్టు కాలి అరిగిపోతుంది. ఒక్కోసారి బెల్టు పట్టు దొరికించుకుని ఇంజన్‌నే తిప్పబోతుంది. పిస్టన్ పట్టేసిన ఇంజన్ అయితే అది ట్రాక్‌కి బ్రేకు వేసినట్టే.

తీయడం కష్టం కాదు. తాళంచెవి బయటికి తీసి, టెథర్ విప్పి, పక్క ప్యానెల్ తెరవాలి. బెల్టు మీది కవచాన్ని పట్టుకున్న పిన్ను లాగితే అది పైకి వస్తుంది. రెండో కప్పీ పళ్లేలను బండితో ఇచ్చిన పనిముట్టుతో విడదీస్తే బెల్టు లోతుకి జారి వదులవుతుంది. దాన్ని ముందు రెండో కప్పీ మీద నుంచి పైకి దాటించి, ఆ తర్వాత ఇంజన్ వైపు కప్పీ నుంచి తీయాలి. వేళ్లు పళ్లేల మధ్యకి పోనివ్వకండి, లోపలి స్ప్రింగుకి బలం ఎక్కువ. బెల్టు ఏ దిక్కుకి తిరుగుతోందో దాని మీది బాణం గుర్తు చూసి పెట్టుకోండి, మళ్లీ వేసేటప్పుడు అదే దిక్కున వేయాలి. కవచాన్ని తిరిగి పెట్టేయాలి. బెల్టు లేనప్పుడు సరదాకైనా ఇంజన్ స్టార్ట్ చేయొద్దు. భారం లేని ఇంజన్ అదుపు దాటి పరుగెత్తి కప్పీని పాడుచేస్తుంది.

బెల్టు తీసినా బ్రేకు పనిచేస్తుంది. బ్రేకు పళ్లెం బెల్టుకి అవతల, ట్రాక్ వైపు ఉంటుంది, దానికి ఇంజన్‌తో పనిలేదు. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా బండ్లలో ఆ పళ్లెం చెయిన్ కేసుకి పైనున్న షాఫ్టు మీద ఉంటుంది. తెగింది చెయినే అయితే లివర్ గట్టిగా తగిలినా ట్రాక్ ఆగదు. అలాంటి బండిని తాడుతో లాగకూడదు, కడ్డీ లాంటి టో బారే కావాలి.

ఇక తాడు. నైలాన్ మంచిది, ఎందుకంటే అది సాగుతుంది. చిన్న లెక్క చూద్దాం. వదులుగా పడున్న తాడు, లాగే బండి సెకనుకి 3 మీటర్ల వేగంతో పోతుండగా బిగిసిందనుకుందాం. వెనక 250 కిలోల బండి ఉంటే ఆ కుదుపులో తాడు మింగాల్సిన శక్తి దాదాపు 1,125 జౌళ్లు. తాడు 10 సెంటీమీటర్లే సాగేదైతే సగటు లాగుడు 1,100 కిలోల బరువుకి పైనే. ఒక మీటరు సాగేదైతే 115 కిలోలు. అదే బండి, అదే వేగం, బలంలో పది రెట్ల తేడా. స్కీ ముందు పిడులు వంగిపోవడం, బంపర్ ఊడి రావడం ఇక్కడే జరుగుతాయి. సాగే తాడుకీ ఒక ప్రమాదం ఉంది: కొస తెగితే గుండులా వెనక్కి వస్తుంది. అందుకే చివర్లో ఇనుప కొక్కేలు వద్దు, బిగుసుకుపోని ఉచ్చు వేసే బోలైన్ ముడి చాలు.

తాడుని స్కీ పిడులకి కాకుండా, స్కీ నిలబడే స్పిండిల్ కాళ్లకి కట్టాలి. రెండు కాళ్ల నుంచి రెండు పాయలు ముందుకి వచ్చి ఒకచోట కలవాలి. పాయలు పొట్టిగా ఉంటే నష్టం. స్కీల మధ్య దూరం సుమారు ఒక మీటరు. పాయలూ మీటరే ఉంటే ఒక్కోదాని మీద మొత్తం లాగుడులో 58 శాతం పడుతుంది, అందులో సగం స్కీలని లోపలికి గుంజడానికే పోతుంది. పాయలు రెండు మీటర్లు ఉంటే ఒక్కోదాని మీద 52 శాతమే, పక్కకి గుంజడం సగానికి పైగా తగ్గుతుంది. ముందు బండికి తాడుని సరిగ్గా మధ్యలో, కిందికి, వెనక బండ్లు తగిలించడానికి ఉండే హిచ్‌కే కట్టాలి. తాడులో కొంత భాగాన్ని ప్లాస్టిక్ పైపులోంచి పోనిస్తే వదులైనప్పుడు అది ట్రాక్ కిందికి పోదు.

కదిలించే ముందు మంచుకి అంటుకున్న స్కీలని విడిపించాలి. వెచ్చగా ఉన్నప్పుడు ఆగిన బండి కింద మంచు కొంచెం కరిగి మళ్లీ గడ్డకట్టి స్కీలనీ ట్రాక్‌నీ అంటించేస్తుంది. ఒక్కో స్కీని ఎత్తి వదిలి, వెనక బంపర్ పట్టుకుని ఓసారి ఎత్తి కుదిపితే ఊడొస్తాయి. లాగే బండికీ ఇదే చేయాలి, దాన్నే చాలామంది మరిచిపోతారు. అయినా వెనక బండి ట్రాక్ తిరగకపోతే దాని కింద వెడల్పాటి ప్లాస్టిక్ స్లెడ్ పెట్టి పట్టీలతో బిగించాల్సిందే.

తాడు బిగిసేదాకా నడక వేగం, ఆ తర్వాత గంటకి 15 కిలోమీటర్లకి మించకుండా పోవాలి. తాడుతో లాగేటప్పుడు వెనక బండి మీద మనిషి ఉండి తీరాలి. అతని పని స్టీరింగు కంటే ముందు బ్రేకు. తేలిగ్గా నొక్కుతూ తాడు వదలకుండా చూడాలి. మలుపులో తాడు బండిని లోపలి వైపుకి గుంజుతుంది, లోపల చెట్లుంటే అటే పోతుంది, కాబట్టి కాస్త బయటివైపుకి తిప్పి ఉంచాలి. నిటారు పల్లంలో తాడు విప్పేయడమే మేలు, అది లాగగలదు కానీ ఆపలేదు. బ్రేకు పట్టుకుంటూ ఆ బండి తనంతట తానే దిగుతుంది.

వెనక కూర్చున్నవాళ్లని చలి ముందు పట్టుకునేది చేతుల దగ్గరే. హ్యాండిల్ వెచ్చబరిచే తీగలకి కరెంటు ఇంజన్ నుంచే వస్తుంది. సున్నాకి 20 డిగ్రీల కింద, గంటకి 15 కిలోమీటర్ల గాలిలో ఒంటికి అది మైనస్ 29 లా తగులుతుంది. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు పట్టలేరు, అందుకే పది నిమిషాలకోసారి ఆగి ఇద్దరూ చోట్లు మారడం మంచిది. వెనక లైటు కూడా వెలగదు కాబట్టి, చీకటి పడితే ఆ బండి వెనక ఒక హెడ్‌ల్యాంపు వేలాడదీయాలి.

లాగే బండికి వచ్చే కష్టం వేరు. చాలా బండ్లలో రేడియేటర్ పని చేసేవి ట్రాక్ పైనున్న లోహపు పలకలు. ట్రాక్ విసిరే మంచు వాటికి తగిలి కరిగితేనే ఇంజన్ చల్లబడుతుంది. ట్రాక్ జారే ప్లాస్టిక్ స్లైడర్లకీ ఆ మంచే నూనె. భారం ఎక్కువ, వేగం తక్కువ, కింద గట్టి మంచు: ఈ మూడూ కలిస్తే వేడి దీపం వెలుగుతుంది. గీతలు గీసి మంచు రేపే స్క్రాచర్లు దించాలి, దారి అంచున మెత్తటి మంచు కనబడితే అటు పక్కకి పోవాలి. వెనక్కి పోవాల్సి వస్తే స్క్రాచర్లని ముందే ఎత్తాలి, కొన్ని రకాలు వంగిపోతాయి. బెల్టు కాలిన వాసన వస్తే ఆగి, కవచం తెరిచి చల్లారనివ్వాలి. యాక్సిలరేటర్‌ని సగం సగం నొక్కుతూ ఎక్కువసేపు జారనిస్తే బెల్టు ఒకేచోట కాలి సన్నబడుతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టుకీ అక్కడ టక్‌మని తగులుతుంది.

చేరాక ముడి విప్పేముందు వెనక బండి బ్రేకు బిగించి ఉందో లేదో చూడాలి. చదునుగా కనిపించే చోట కూడా మంచు వాలుగా ఉండొచ్చు. బెల్టు లేని బండి ఒక్క అడుగు వాలు దొరికినా కదులుతుంది, పైగా ఇంజన్ చప్పుడు లేకుండా.