చిన్న హాలుకు తగిన ప్రొజెక్టరు తెర

ప్రొజెక్టరు తెర మీదికి తెల్లని వెలుగునూ రంగుల వెలుగునూ పంపగలదు గానీ నలుపును పంపలేదు. సినిమాలో చీకటి రాత్రి వచ్చినప్పుడు అది చేయగలిగిందల్లా ఆ చోటికి వెలుగును వీలైనంత తగ్గించడమే. అప్పుడు మనకు నలుపుగా కనిపించేది, గదిలో ఉన్న వెలుతురుకు తెర సహజంగా ఎలా ఉంటుందో అదే. ట్యూబులైటు వెలుగుతున్న హాలులో తెల్లని తెర తెల్లగానే ఉంటుంది కాబట్టి సినిమాలోని రాత్రి కూడా వెలవెలబోతుంది. పల్లెల్లో టూరింగ్ టాకీసులు పొద్దుగూకిన తరువాతే ఆట మొదలుపెట్టడంలో ఉన్న అవసరం ఇదే. తెర కొనబోయేవారు ఈ ఒక్క సంగతిని మనసులో ఉంచుకుంటే, దుకాణంలో వినిపించే అంకెల్లో ఏవి తమకు అక్కరకొస్తాయో తేల్చుకోవడం సులువవుతుంది.

పది అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు ఉన్న హాలును ఉదాహరణగా తీసుకుందాం. పది అడుగుల గోడకు తెర, దానికి పది అడుగుల దూరంలో సోఫా ఉన్నాయనుకుందాం. తెర కుడి, ఎడమ అంచుల మధ్య మన కంటి దగ్గర ఏర్పడే కోణం 30 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే బొమ్మ నిండుగానూ, చూడటానికి హాయిగానూ ఉంటుందన్నది సినిమా సాంకేతిక నిపుణులు చాలాకాలంగా వాడుతున్న లెక్క. మన సోఫా దూరానికి ఈ లెక్కను వర్తింపజేస్తే, మూల నుంచి మూలకు 74 అంగుళాల తెర నుంచి 100 అంగుళాల తెర వరకు సరిపోతుందని తేలుతుంది. 120 అంగుళాల తెర వెడల్పు 266 సెంటీమీటర్లే కాబట్టి అదీ ఆ గోడ మీద పడుతుంది, కానీ గోడ మీద పట్టడం వేరు, గదికి నప్పడం వేరు.

ఎందుకంటే తెర పెరిగినంత మాత్రాన ప్రొజెక్టరు వెలుగు పెరగదు, ఉన్న వెలుగే మరింత పలుచగా పరుచుకుంటుంది. 84 అంగుళాల తెర వైశాల్యం రెండు చదరపు మీటర్లకు కొంచెం తక్కువ, 120 అంగుళాల తెరది నాలుగుకు కొంచెం తక్కువ. 500 ఆన్సీ ల్యూమెన్ల (ప్రొజెక్టరు పంపే మొత్తం వెలుగుకు కొలత) ప్రొజెక్టరును చిన్న తెర మీద వేస్తే చదరపు మీటరుకు సుమారు 82 క్యాండెలాల (కంటికి కనిపించే ప్రకాశానికి కొలత) వెలుగు మన వైపు వస్తుంది, పెద్ద తెర మీద వేస్తే 40 మాత్రమే. సినిమా హాళ్లకు నిర్దేశించిన ప్రమాణం 48. అంటే అదే యంత్రం ఒక తెర మీద థియేటరును మించి వెలుగుతుంది, మరొక తెర మీద థియేటరు స్థాయిని కూడా అందుకోలేదు. ఇక్కడ చూడవలసింది ఆన్సీ ల్యూమెన్లనే. తెర మీద తెల్లని బొమ్మ వేసి, తొమ్మిది చోట్ల వెలుగును కొలిచి, సగటు తీసి కట్టిన లెక్క అది. చవక ప్రొజెక్టర్ల పెట్టెల మీద వేలల్లో అచ్చువేసే ల్యూమెన్లు చాలాసార్లు లోపలి దీపానికి చెందినవే తప్ప తెరను చేరేవి కావు.

ఇప్పుడు గదిలోని వెలుతురును లెక్కలోకి తీసుకుందాం. లైటు నుంచో కిటికీ నుంచో 50 లక్స్‌ల వెలుతురు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురుకు కొలత) తెర మీద పడుతోందనుకుంటే, పైన చెప్పిన 84 అంగుళాల తెర మీద అత్యంత తెల్లని భాగం అత్యంత నల్లని భాగం కంటే ఆరు రెట్లు మాత్రమే ప్రకాశవంతంగా ఉంటుంది. పరదాలు దించి, దీపాలు ఆర్పి, ఆ 50 లక్స్‌లను 5 కు తగ్గిస్తే అదే నిష్పత్తి యాభై రెట్లు దాటుతుంది. మామూలు తెరల్లో దేన్ని మార్చినా ఇంత తేడా రాదు. అందుకే తెర కోసం పక్కన పెట్టిన డబ్బులో మొదటి వాటా దళసరి పరదాలకు వెళ్లాలని నా నిశ్చితాభిప్రాయం.

తెరలను పోల్చేటప్పుడు తరచుగా వినిపించే మాట గెయిన్. పడిన వెలుగును అన్ని దిక్కులకూ సమంగా వెదజల్లే ఆదర్శవంతమైన తెల్లని ఉపరితలాన్ని 1 గా తీసుకుని, దానితో పోలిస్తే తెర ఎదురుగా ఎంత వెలుగును తిప్పి పంపుతుందో చెప్పే అంకె ఇది. అలాంటి ఉపరితలం ఎటు నుంచి చూసినా ఒకే ప్రకాశంతో కనిపిస్తుందన్న సూత్రాన్ని 1760లో లాంబర్ట్ అనే శాస్త్రవేత్త వివరించాడు. గెయిన్ 2 ఉన్న తెర వెలుగును సృష్టించదు. పైపు మూతిని వేలితో నొక్కినప్పుడు నీళ్లు దూరానికి పడినా కొత్త నీళ్లేమీ పుట్టనట్టే, పక్కలకు పోవలసిన వెలుగును అది నడిమికి మళ్లిస్తుంది. ఎదురుగా కూర్చున్నవారికి మెరుపు పెరుగుతుంది, గోడ వారన దివాన్ మీద కూర్చున్నవారికి బొమ్మ మసకబారుతుంది, తెర మధ్యలో ఒక వెలుగు మచ్చ కూడా తేలవచ్చు. చిన్న హాలులో జనం తెరకు దగ్గరగా, పక్కపక్కలకు జరిగి కూర్చుంటారు కాబట్టి గెయిన్ 1 దగ్గర ఉన్న, మెరుపు లేని తెల్లని తెరే మేలు.

బూడిద రంగు తెర నలుపును బాగా చూపిస్తుందనే మాటలో సగమే నిజం. మామూలు బూడిద తెర గది వెలుతురును ఎంత తగ్గిస్తుందో ప్రొజెక్టరు వెలుగునూ అంతే తగ్గిస్తుంది, అందువల్ల పైన వేసిన ఆరు రెట్ల లెక్క ఆరు దగ్గరే ఉండిపోతుంది. దాని మేలు వేరొక చోట ఉంది. దీపాలన్నీ ఆర్పినా తెర మీది బొమ్మే తెల్లని గోడలనూ పైకప్పునూ వెలిగిస్తుంది, ఆ వెలుగు తిరిగి వచ్చి తెర మీది నల్లని భాగాల మీద పడుతుంది. బూడిద తెర ఆ వెలుగును వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చాక మరోసారి తగ్గిస్తుంది. తెరకు ఆనుకొని ఉన్న రెండు పక్క గోడలకు మూడు అడుగుల మేర ముదురు రంగు గుడ్డ వేలాడదీస్తే ఇదే ఫలితం ఇంకా చవకగా దక్కుతుంది.

గోడకు జానెడు దూరంలో బల్ల మీద పెట్టే ప్రొజెక్టర్ల కోసం తయారైన తెరల పని పూర్తిగా వేరు. వాటి మీద అడ్డంగా సాగే అతి సన్నని పళ్ల వరుసలు ఉంటాయి. ఒక్కో పన్ను కింది ముఖం కింది నుంచి వచ్చే వెలుగును మన వైపు తిప్పుతుంది, నల్లని పై ముఖం పైకప్పు దీపాల వెలుగును మింగేస్తుంది. ఇలాంటి తెర మీదికి వెనక పైకప్పు నుంచి మామూలు ప్రొజెక్టరును వేస్తే దాని వెలుగునూ మింగేస్తుంది కాబట్టి, ప్రొజెక్టరు ఏదో తేలకుండా దీన్ని కొనకూడదు.

ఈ తెరలకు బిగువు కూడా చాలా ముఖ్యం. చుట్టుకునే తెరల్లో పీవీసీ గుడ్డ తన బరువుకూ వేడికీ సాగి, అంచులు లోపలికి ముడుచుకుని, అలలు పడుతుంది. ఎదురు నుంచి కొద్దిపాటి వాలుతో, అంటే 20 డిగ్రీలతో, వచ్చే వెలుగుకు రెండు మిల్లీమీటర్ల అల బొమ్మను ఒక మిల్లీమీటరు కూడా జరపదు. గోడ పక్క నుంచి 70 డిగ్రీల వాలుతో వచ్చే వెలుగుకు అదే అల ఐదు మిల్లీమీటర్లకు పైగా జరుపుతుంది, తెర మీది అక్షరాలు వంకరపోతాయి. కాబట్టి అలాంటి ప్రొజెక్టరుకు చట్రానికి బిగించిన తెర ఉండాలి, లేదా రెండు అంచులనూ తాళ్లతో పక్కలకు లాగి పట్టే రకం ఉండాలి. మామూలు ప్రొజెక్టరుకు చేత్తో లాగే తెర చాలు, అయితే ఫ్యాను గాలికి అది ఊగకుండా కింది కడ్డీని గోడకు ఆనించాలి.

ఎత్తు విషయంలో ఎక్కువ ఇళ్లలో ఒకే పొరపాటు కనిపిస్తుంది. తెర పెట్టెను పైకప్పుకు ఆనించి బిగిస్తారు, బొమ్మ తలల మీదికి పోతుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. సోఫాలో కూర్చున్నవారి కళ్లు నేల నుంచి సుమారు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. 84 అంగుళాల బొమ్మ ఎత్తు దాదాపు మూడున్నర అడుగులు. దాని అడుగు అంచు రెండున్నర అడుగుల దగ్గర ఉంటే పై అంచు ఆరు అడుగుల దగ్గరికి వస్తుంది, చూపు సుమారు పద్నాలుగు డిగ్రీలకు మించి పైకెత్తనవసరం లేదు. పది అడుగుల పైకప్పు నుంచి వేలాడదీయాలంటే గొలుసులు వాడాలి, లేదా బొమ్మకు పైన పొడవైన నల్లని పట్టీ ఉన్న తెరను ఎంచుకోవాలి. తెర ఇలా కిందికి దిగితే ప్రొజెక్టరు కూడా ఫ్యాను రెక్కల కంటే కిందికి దిగుతుంది, లేకపోతే తిరిగే రెక్కలు వెలుగుకు అడ్డుపడి బొమ్మ అల్లల్లాడుతుంది.

బరువు తక్కువైనా, లాగిన ప్రతిసారీ తెర మేకుల మీద కుదుపు పడుతుంది. ఇప్పటి అపార్టుమెంట్లలో చాలా గోడలు తేలికపాటి బ్లాకులతో కట్టినవి, వాటిలో మామూలు ప్లగ్గులు కొన్నాళ్లకు వదులైపోతాయి. ఆ బ్లాకుల కోసమే చేసిన పొడవైన ప్లగ్గులు వాడాలి, లేదా గోడ పైనున్న కాంక్రీటు బీములోకి హ్యామర్ డ్రిల్లుతో యాంకర్ బోల్టులు దించాలి. జిప్సం ఫాల్స్ సీలింగ్ పలక బరువు మోయదు, బోల్టు దాన్ని దాటి స్లాబుకు చేరాలి. స్విచ్ బోర్డుకు నిట్టనిలువుగా పైన గోడలో వైర్లు ఉంటాయి గనుక ఆ వరుసలో డ్రిల్లు పెట్టకూడదు. పైకప్పు అంచును నమ్మకుండా రసమట్టం పెట్టి చూడాలి. ఒక కొన సెంటీమీటరు దిగినా, బొమ్మకూ నల్లని అంచుకూ మధ్య ఏర్పడే సందు పది అడుగుల దూరం నుంచి స్పష్టంగా కనిపిస్తుంది. తెర వంకరను ప్రొజెక్టరులోని కీస్టోన్ సవరణతో (వంకరగా పడే బొమ్మ ఆకారాన్ని సరిచేసే అమరిక) కప్పిపుచ్చడం కూడా మంచిది కాదు, అది కొన్ని పిక్సెళ్లను వదులుకుని బొమ్మను చిన్నది చేస్తుంది.

రంధ్రాలు వేయడానికి ముందు, ఎంచుకున్న కొలతకు గోడ మీద కాగితపు టేపుతో దీర్ఘచతురస్రం గీసి, ప్రొజెక్టరును ఆ గీతల్లో పడేలా పెట్టి, ఇంటిల్లిపాదీ తమ తమ చోట్ల కూర్చుని రెండు మూడు సాయంత్రాలు చూడాలి. టేపును జరపడానికి ఖర్చు లేదు, బ్లాకు గోడలో తప్పు చోట వేసిన రంధ్రాన్ని పూడ్చి, దాని పక్కనే మరొకటి వేస్తే ఆ పట్టు మొదటిదంత గట్టిగా ఉండదు.