టీఎస్‌హెచ్ పెరిగిందంటే థైరాయిడ్ తగ్గినట్టు

అమలాపురంలోనో పాలకొల్లులోనో ల్యాబు ముందు బల్ల మీద కూర్చుంటే వినబడే మాట: "టీఎస్‌హెచ్ పన్నెండొచ్చిందండి, థైరాయిడ్ బాగా ఎక్కువైపోయిందంట." అసలు సంగతి దీనికి తలకిందులు. టీఎస్‌హెచ్‌ని తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి. ఇంకాస్త హార్మోను వదలమని గొంతు దగ్గరి థైరాయిడ్‌ని తొందరపెట్టేది అదే.

ధవళేశ్వరం కాలువల కింద సేద్యం చేసేవాళ్లకి ఈ లెక్క తెలిసిందే. శివారు చేలకి నీరందకపోతే రైతులు గోల పెడతారు, లస్కరు షట్టరెత్తుతాడు. చేలు తడిశాక గోల ఆగుతుంది, షట్టరు దిగుతుంది. గోల ఎక్కువైందంటే నీళ్లు ఎక్కువైనట్టా? రక్తంలో టీ4 (థైరాయిడ్ వదిలే హార్మోను, థైరాక్సిన్) తగ్గితే టీఎస్‌హెచ్ పెరుగుతుంది, చాలినంత చేరాక అణుగుతుంది. పైగా మహా సున్నితం: టీ4 సగానికి పడితే టీఎస్‌హెచ్ వంద రెట్ల దాకా పెరగొచ్చు. టీ4 ఇంకా మామూలుగా ఉండగానే టీఎస్‌హెచ్ తన హద్దు (సుమారు 0.4 నుంచి 4) దాటేస్తుంది. డాక్టర్లు ముందుగా దాన్నే రాయించేది అందుకే.

మరి పిట్యూటరీయే దెబ్బతింటే? కాన్పులో రక్తం విపరీతంగా పోయిన కొందరిలో ఇలా జరుగుతుంది. షీహాన్ సిండ్రోమ్ అంటారు. బిడ్డకి పాలు పడవు, నెలసరి మళ్లీ రాదు, ఏళ్ల తరబడి నీరసం. టీఎస్‌హెచ్ చూస్తే మామూలుగానే ఉండొచ్చు! ఫ్రీ టీ4 (ప్రొటీన్లకి అంటుకోకుండా రక్తంలో విడిగా ఉండే టీ4) కూడా చూస్తేగాని గుట్టు బయటపడదు. "బలహీనతేనమ్మా" అని బలం మాత్రలిచ్చి పంపేయడం నా దృష్టిలో అన్యాయం. వీళ్లకి కార్టిసాల్ (పిట్యూటరీ పురమాయిస్తే, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు వదిలే హార్మోను) లోటుందేమో చూసి, ఉంటే ముందు అది తీర్చాకే థైరాక్సిన్ మొదలుపెట్టాలి. లేకపోతే ప్రాణం మీదికొస్తుంది.

కార్టిసాల్‌ది మరో తీరు. పొద్దున ఎక్కువ, అర్ధరాత్రికి బాగా తక్కువ, కాబట్టి ఏ వేళప్పుడో తీసిన ఒక్క అంకె పెద్దగా ఏమీ చెప్పదు. ఎక్కువగా ఉందని అనుమానమైతే అణచి చూస్తారు. రాత్రి 11 గంటలకి 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ (కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్ మందు) మింగించి, పొద్దున 8కి రక్తం తీస్తారు. పిట్యూటరీ మాట వినేదైతే కార్టిసాల్ డెసిలీటరుకి 1.8 మైక్రోగ్రాముల లోపుకి పడిపోతుంది. తక్కువని అనుమానమైతే ఇంజెక్షనిచ్చి, అడ్రినల్ గ్రంథులు లేస్తాయో లేదో చూస్తారు. మోకాళ్ల నొప్పులకని పొట్లం కట్టిచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే ఈ అణచడమే నెలల తరబడి సాగుతుంది, అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. ఆ మాత్రలు ఒక్కసారిగా మానేస్తే మనిషి కుప్పకూలిపోవచ్చు.

రక్తంలో ఇంత కొద్దిగా ఉండే హార్మోన్లని కొలిచే దారి చూపినందుకు రోజలిన్ యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. ఇప్పటి యంత్రాలకీ ఒక బలహీనత ఉంది. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్నింటిని తికమక పెట్టి, టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ4ని ఎక్కువగా చూపిస్తాయి. లేని జబ్బు రిపోర్టుకెక్కుతుంది. పరీక్షకి కనీసం రెండ్రోజుల ముందు అవి ఆపాలి. ల్యాబువాళ్లు అడగరు, మనమే చెప్పాలి.