సోడియం ఛానెల్స్ తగ్గితే ఫిట్స్ ఎందుకు ఎక్కువవుతాయి?

ఏడాది కూడా నిండని బిడ్డకి జ్వరంలో ఫిట్స్ వచ్చి అరగంటైనా ఆగకపోతే, ఆ తర్వాత జ్వరం లేనప్పుడు కూడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే డాక్టర్లు అనుమానించే జబ్బుల్లో డ్రావే సిండ్రోమ్ ఒకటి. ఫ్రాన్స్‌లో షార్లొట్ డ్రావే అనే డాక్టరు 1978లో దీని గురించి రాశారు, కారణం దొరికింది మాత్రం 2001లో. ఎస్‌సీఎన్1ఏ అనే జీన్ రెండు కాపీల్లో ఒకటి పాడవడం. చాలామందిలో ఇది అమ్మానాన్నల నుంచి వచ్చింది కాదు, బిడ్డలో కొత్తగా వచ్చిన మార్పు, అందుకే తల్లి వైపు వాళ్ళనో తండ్రి వైపు వాళ్ళనో తప్పుపట్టడం చాలా అన్యాయం.

ఈ జీన్ చేసే పని న్యూరాన్ (మెదడు కణం) పొరలో ఒక రకం సోడియం ఛానెల్‌ని, అంటే సోడియం లోపలికి వచ్చే దారిని, తయారుచేయడం. సోడియం లోపలికి వస్తేనే న్యూరాన్ ఫైర్ అవుతుంది, అంటే కరెంటు సిగ్నల్ పంపుతుంది, మరి ఛానెల్స్ తగ్గితే మెదడు నెమ్మదించాలి కదా, ఫిట్స్ ఎందుకొస్తాయి? 2006లో అమెరికాలో విలియం కాటెరాల్ ల్యాబ్ వాళ్ళు ఎలుకల్లో చూస్తే దెబ్బ ముఖ్యంగా తగిలింది ఇంటర్‌న్యూరాన్లకి అని తేలింది. ఇవి గాబా అనే కెమికల్ వదిలి పక్క న్యూరాన్లని అదుపులో పెడతాయి, అంటే మెదడుకి బ్రేకులు, ఆ పనికి చాలా స్పీడుగా ఫైర్ అవ్వాలి, ఛానెల్స్ చాలకపోతే మధ్యలోనే చతికిలపడిపోతాయి. మిగతా న్యూరాన్లకి వేరే రకం ఛానెల్స్ ఉన్నాయి కాబట్టి అవి మామూలుగానే ఫైర్ అవుతూ ఉంటాయి, ఆపేవాళ్ళే లేరు.

నాకు దీనిలో అన్నిటికన్నా ముఖ్యమనిపించేది మందుల సంగతి. కార్బమజెపీన్, ఫెనిటోయిన్, లామోట్రిజిన్ మామూలుగా ఫిట్స్‌కి మంచి మందులే, కానీ అవి పనిచేసేది సోడియం ఛానెల్స్‌ని అడ్డుకునే. అసలే సగమైపోయిన బ్రేకుని ఇంకా బలహీనం చేస్తే డ్రావే పిల్లల్లో ఫిట్స్ పెరగొచ్చు. అందుకే జీన్ టెస్ట్ రిపోర్టు చూసి మందు మార్చాల్సిరావచ్చు, వాల్‌ప్రోయేట్, క్లోబజామ్ లాంటివి ఇస్తారు. అలాగని ఇంట్లో వాళ్ళంతట వాళ్ళు మందు ఆపెయ్యకూడదు, అది ఇంకా ప్రమాదం.

ఇంకో మాట, టీకా వల్లే మెదడు దెబ్బతిందనుకున్న 14 మందిని ఆస్ట్రేలియాలో శామ్యూల్ బెర్కోవిచ్ టీమ్ టెస్ట్ చేస్తే 11 మందిలో ఈ జీన్ మార్పే కనిపించింది. టీకా తర్వాత వచ్చే జ్వరం మొదటి ఫిట్‌ని కాస్త ముందుకు జరపొచ్చు, జబ్బుని పుట్టించదు.

ఇప్పుడు పరీక్షిస్తున్న కొత్త రకం మందులు బాగున్న రెండో కాపీ నుంచే ఎక్కువ ప్రొటీన్ తయారయ్యేలా చేస్తాయి, అంటే ఫిట్స్‌ని అణచడం కాకుండా ఇంటర్‌న్యూరాన్లకి తక్కువైన ఛానెల్స్‌నే తిరిగి ఇవ్వాలని చూస్తున్నారు.