అన్నం వద్దనడం పొగరు కాదు

తిరుపతిలో కోచింగ్ హాస్టల్లో ఉండే మా చెల్లెలి కూతురు పోయినేడు శనివారం ఉపవాసమంటూ మొదలుపెట్టి, నెమ్మదిగా మిగతా రోజులూ అన్నం మానేసింది. ఎముకలు తేలుతున్నా "లావైపోతున్నా పెద్దమ్మా" అనేది. చుట్టాలు పొగరన్నారు. వాళ్లవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. నాకైతే భయమేసి, అసలిదేంటో చదవడం మొదలుపెట్టాను.

జబ్బు కొత్తదేం కాదు. 1873లోనే లండన్‌లో విలియం గల్, పారిస్‌లో లాసెగ్ అనే వైద్యులు ఎవరికి వారు దీన్ని గుర్తించారు. గల్ పెట్టిన 'అనొరెక్సియా నెర్వోసా' అనే పేరే ఇప్పటికీ వాడుతున్నారు. కానీ ఆకలి పగ్గాలు మెదడు చేతిలో ఉన్నాయని గట్టిగా తెలిసింది చాలా తర్వాత. 1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మెదడు అడుగునుండే హైపోథలామస్‌లో ఒకచోట దెబ్బతీస్తే అవి విపరీతంగా లావెక్కాయి. 1951లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో బ్రోబెక్ అనే శాస్త్రవేత్తతో కలిసి దాని పక్క భాగాన్ని దెబ్బతీసి చూసింది మన బి.కె. ఆనంద్, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌లో ఫిజియాలజీ ప్రొఫెసర్‌గా చేసిన ఆయనే. ఆ ఎలుకలు ఎదురుగా తిండి పెట్టినా ముట్టలేదు. ఎలుకకు పొగరేముంటుంది చెప్పండి?

ఆ తర్వాత రసాయనాల వంతు వచ్చింది. 1995లో మెదడులో కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనం తయారుకాని చిట్టెలుకల్ని పుట్టిస్తే, పక్కనే మేత ఉన్నా తినక అవి చనిపోయేవి, డోపమైన్‌గా మారే మందిస్తే తినేవి. కడుపు నిండిందనే కబురు చేరవేయడంలో సెరటోనిన్ అనే మరో మెదడు రసాయనానికి పాత్ర ఉంది, అందుకే ఆబగా తిని కక్కేసుకునే బులీమియాలో దాన్ని పెంచే ఫ్లూయాక్సెటిన్ అనే మందు కొందరికి పనిచేస్తుంది. 1994లో కొవ్వు నుంచి వచ్చి ఆకలిని తగ్గించే లెప్టిన్, 1999లో పొట్ట నుంచి ఆకలి కబురు మోసే గ్రెలిన్ దొరికాయి. నన్ను కలచివేసింది ఇక్కడే: అనొరెక్సియాలో సాధారణంగా లెప్టిన్ పడిపోయి గ్రెలిన్ పెరిగి ఉంటుంది, అంటే ఒళ్లు తిండి కోసం అరుస్తూనే ఉంటుంది, పిల్ల మాత్రం ముద్ద ముట్టదు. భయమో, బరువు మీద ధ్యాసో ఆ అరుపును అణిచేస్తుంది.

పైగా పస్తు మనసునూ మార్చేస్తుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటాలో ఏన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి సగం తిండి పెడితే, వాళ్లు దిగులుపడ్డారు, చిరాకుపడ్డారు, రోజంతా తిండి ఆలోచనలోనే ఉండిపోయారు. అందుకే అనొరెక్సియాకు ముందు తిండి తినిపించాలి, దాంతోపాటే కౌన్సెలింగ్. బరువు పెంచే నమ్మకమైన మాత్రంటూ ఇంకా లేదు. మా పిల్లకు సైకియాట్రిస్టు ఇచ్చిన చీటీలో మొదట రాసింది భోజనం వేళలే, రోజుకు ఆరుసార్లు, పక్కన ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు కూర్చోవాలని.