రెండు బాక్సులూ పచ్చగా కనిపిస్తే హెచ్‌ఏ ఉన్నట్టేనా? ఫైర్‌వాల్ క్లస్టర్ అపోహలు - వాస్తవాలు

ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి వచ్చీపోయే ట్రాఫిక్‌ని తనిఖీ చేసే ఫైర్‌వాల్స్ పెట్టడం, వాటి బాగోగులు చూడడం నా పని. ఏ క్లయింట్ దగ్గరికి వెళ్లినా ముందు వినిపించే మాట "మాకు హెచ్‌ఏ ఉందండీ" అని. హెచ్‌ఏ అంటే హై అవైలబిలిటీ: రెండు ఫైర్‌వాల్స్‌ని జతగా (క్లస్టర్‌గా) పెట్టి, ఒకటి పోతే రెండోది పని అందుకునేలా చేయడం. పనిచేసేది యాక్టివ్ లేదా ప్రైమరీ, కాచుకుని ఉండేది స్టాండ్‌బై, పని చేతులు మారడం ఫెయిలోవర్. స్క్రీన్ మీద రెండు బాక్సులూ పచ్చగానే ఉంటాయి. "ఆఖరుసారి ఫెయిలోవర్ ఎప్పుడు చేసి చూశారు?" అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కారులో స్టెప్నీ ఉంది కానీ అందులో గాలి ఉందో లేదో ఎవరూ చూడలేదన్నమాట. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రెండో బాక్స్ కొని ర్యాక్‌లో పెడితే పనైపోయింది.

బాక్స్ సంగతి తర్వాత, ముందు దాని వెనక్కి వెళ్లి వైర్లు పట్టుకుని చూడండి. రెండు ఫైర్‌వాల్స్ పవర్ కేబుళ్లూ ఒకే యూపీఎస్‌కి వెళ్తున్నాయా? రెండూ ఒకే కోర్ స్విచ్‌లో (ఆఫీస్ నెట్‌వర్క్ అంతా కలిసే ప్రధాన స్విచ్‌లో) దిగాయా? ఐఎస్‌పీ (నెట్ ఇచ్చే కంపెనీ) వాళ్లు ఇచ్చేది ఒకటే కేబుల్ కాబట్టి దాన్ని రెండు బాక్సులకీ పంచడానికి మధ్యలో ఒక చిన్న స్విచ్ పెడతారు, చాలా చోట్ల దానికి రెండో పవర్ సప్లై కూడా ఉండదు. అది పోతే లక్షలు పోసి కొన్న రెండు ఫైర్‌వాల్స్ ఉండీ నెట్ ఉండదు.

అపోహ: హార్ట్‌బీట్‌కి ఒక్క కేబుల్ చాలు, అది ఏ స్విచ్ గుండా వెళ్లినా పర్లేదు.

నన్నడిగితే అన్నిటికంటే ప్రమాదం ఇదే. "నేను బతికే ఉన్నాను" అని రెండు బాక్సులూ ఒకదానికొకటి క్షణక్షణం చెప్పుకోవడమే హార్ట్‌బీట్. ఫోర్టిగేట్ బ్రాండ్ ఫైర్‌వాల్‌లో మామూలుగా ప్రతి 200 మిల్లీసెకన్లకి ఒకటి వెళ్తుంది. సిస్కో వాళ్ల ఏఎస్‌ఏ ఫైర్‌వాల్‌లో సెకనుకి ఒకటి, 15 సెకన్లు వినపడకపోతే అవతలి బాక్స్ పోయినట్టు లెక్క. మరి బాక్సులు రెండూ బాగానే ఉండి మధ్యలో కేబుల్ మాత్రమే పోతే? ఫోర్టిగేట్ లాంటి వాటిలో స్టాండ్‌బై బాక్స్ తనే యాక్టివ్ అయిపోతుంది, మొదటిది ఎలాగూ యాక్టివ్‌గానే ఉంటుంది. ఒకే ఐపీ, ఒకే వర్చువల్ మ్యాక్ (క్లస్టర్ బయటికి చూపించే హార్డ్‌వేర్ అడ్రస్), ఇద్దరు యజమానులు. ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చినట్టే. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటాం.

ఒక క్లయింట్ దగ్గర ఇది కళ్లారా చూశాను. ఫైర్‌వాల్స్ రెండూ రెండు అంతస్తుల్లో ఉన్నాయి, హార్ట్‌బీట్‌ని స్విచ్‌ల మీద ఒక వీల్యాన్‌లో (స్విచ్‌లోనే విడిగా కట్టిన నెట్‌వర్క్‌లో) పంపారు. వాడుకలో లేని వీల్యాన్లు తీసేద్దామని ఎవరో దాన్ని కూడా తీసేశారు, ఎందుకంటే ఆ వీల్యాన్‌కి పేరు కూడా పెట్టలేదు. కొందరికి నెట్ వస్తోంది, పక్క సీట్లో వాళ్లకి రావట్లేదు, పింగ్ కొడితే రెండు రిప్లైలు వచ్చి మూడు పోతున్నాయి, అందరూ ఐఎస్‌పీని తిట్టుకుంటున్నారు. కోర్ స్విచ్ లాగ్ తెరిస్తే అదే మ్యాక్ అడ్రస్ ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకి, మళ్లీ వెనక్కి దూకుతున్నట్టు లైన్ తర్వాత లైన్ కనపడింది. రెండు బాక్సులకీ విడివిడిగా కన్సోల్ కేబుల్ పెట్టి చూస్తే రెండూ "నేనే ప్రైమరీ" అంటున్నాయి. ముందు రెండో బాక్స్ డేటా కేబుళ్లు లాగేశాం, నెట్ నిలబడింది, ఆ తర్వాతే హార్ట్‌బీట్ సరిచేశాం.

కాబట్టి హార్ట్‌బీట్‌కి రెండు దారులు ఉండాలి, కుదిరితే కనీసం ఒకటి బాక్స్ నుంచి బాక్స్‌కి నేరుగా వెళ్లాలి. పాలో ఆల్టో బ్రాండ్ ఫైర్‌వాల్‌లో హార్ట్‌బీట్ వెళ్లే హెచ్‌ఏ1 లింక్‌తో పాటు హెచ్‌ఏ1 బ్యాకప్ కూడా పెట్టుకునే వీలు ఉన్నది ఇందుకే. ఇంకో మాట, ఫెయిలోవర్ త్వరగా అవ్వాలని టైమర్లు మరీ తగ్గించేయకండి, సీపీయూ బిజీగా ఉన్నప్పుడు హార్ట్‌బీట్ కాస్త ఆలస్యమైతే అనవసరంగా బాక్స్ మారిపోతుంది.

అపోహ: ఫెయిలోవర్ అయినట్టు యూజర్‌కి తెలియనే తెలియదు.

తెలియకుండా చేయొచ్చు, కానీ దానంతట అదే అవ్వదు. ఫోర్టిగేట్‌లో సెషన్ పికప్ (నడుస్తున్న కనెక్షన్ల వివరాలు రెండో బాక్స్‌కీ అందించడం) అనేది ముందు నుంచీ ఆఫ్‌లోనే ఉంటుంది, మనం ఆన్ చేయకపోతే బాక్స్ మారగానే నడుస్తున్న కనెక్షన్లన్నీ తెగిపోయి మళ్లీ మొదలవ్వాలి. ఏఎస్‌ఏలో అదే పని చేసే స్టేట్‌ఫుల్ ఫెయిలోవర్ పెట్టినా హెచ్‌టీటీపీ (వెబ్) సెషన్లు అవతలికి వెళ్లవు, దానికి వేరే కమాండ్ ఇవ్వాలి. ప్రాక్సీ మోడ్‌లో (కనెక్షన్‌ని బాక్స్ మధ్యలో తనే అందుకుని చూసే పద్ధతిలో) తనిఖీ చేసే సెషన్లు ఫోర్టిగేట్‌లో సెషన్ పికప్ ఆన్ చేసినా నిలబడవు. ఐఎస్‌పీతో బీజీపీ (రూట్లు ఇచ్చిపుచ్చుకునే ప్రోటోకాల్) నడుపుతుంటే ఆ నైబర్ సెషన్ కొత్త బాక్స్ మీద మొదటి నుంచి కట్టుకోవాలి, ఈలోపు రూట్లు పడిపోకుండా ఉండాలంటే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ (సెషన్ మళ్లీ కట్టుకునేదాకా పాత రూట్లనే ఉంచడం) మన వైపే కాదు, ఐఎస్‌పీ వైపు కూడా ఆన్‌లో ఉండాలి. మన వైపు మాత్రమే పెట్టి వదిలేసిన సైట్లే నాకు ఎక్కువ కనపడ్డాయి.

అపోహ: యాక్టివ్-యాక్టివ్ పెడితే స్పీడ్ డబుల్.

యాక్టివ్-యాక్టివ్ అంటే రెండు బాక్సులూ ఒకేసారి పనిచేయడం. లెక్క వేసుకోండి. రెండు బాక్సులూ చెరో 60 శాతం లోడ్‌తో నడుస్తుంటే ఒకటి పోయిన రోజు మిగిలినదాని మీద 120 శాతం పడుతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజునే రెండోది కూడా చతికిలపడుతుంది. పైగా ఫోర్టిగేట్ యాక్టివ్-యాక్టివ్‌లో ట్రాఫిక్ అంతా ముందు ప్రైమరీకే వచ్చి అక్కణ్నుంచి పంచబడుతుంది. ట్రాఫిక్ వెళ్లే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఇంకొకటి అయ్యే నెట్‌వర్క్ కాకపోతే యాక్టివ్-పాసివ్ (ఒకటి పనిచేస్తుంటే రెండోది కాచుకుని ఉండడం) పెట్టుకోండి. అర్ధరాత్రి ట్రబుల్‌షూట్ చేసేటప్పుడు ఏ ప్యాకెట్ ఏ బాక్స్‌లో ఉందో వెతుక్కునే టెన్షన్ ఉండదు.

అపోహ: గ్రూప్ ఐడీ ఏది ఉన్నా ఒకటే.

గ్రూప్ ఐడీ అంటే క్లస్టర్‌కి ఇచ్చే నంబర్, ఫోర్టిగేట్ వర్చువల్ మ్యాక్ ఆ నంబర్ నుంచే తయారవుతుంది. ఒకే నెట్‌వర్క్‌లో రెండు క్లస్టర్లు ఉండి రెండింటికీ డిఫాల్ట్ సున్నానే వదిలేస్తే మ్యాక్‌లు కొట్టుకుంటాయి. పీఎఫ్‌సెన్స్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకీ ఇదే జాగ్రత్త: అందులో ఉండే కార్ప్ (రెండు బాక్సులు ఒకే ఐపీని పంచుకునే ప్రోటోకాల్), రౌటర్లలో అదే పని చేసే వీఆర్‌ఆర్‌పీ రెండూ ప్రోటోకాల్ నంబర్ 112నే వాడతాయి, అందుకే వీహెచ్‌ఐడీ (కార్ప్ గ్రూప్ నంబర్) ఇచ్చేముందు అదే సెగ్మెంట్‌లో ఆ నంబర్ ఇంకెవరైనా వాడుతున్నారేమో చూసుకోండి.

అపోహ: ప్రైమరీ బాగవ్వగానే పగ్గాలు మళ్లీ దానికే ఇచ్చేయాలి.

ఎందుకు? ఆఫీస్ నడుస్తోంది కదా. సగం చెడిన బాక్స్ లేచి పగ్గాలు తీసుకుని, మళ్లీ పడి, మళ్లీ లేస్తుంటే ప్రతిసారీ అందరికీ కుదుపే. ఇలా పగ్గాలు వెనక్కి తీసుకునే సెట్టింగులు, అంటే పాలో ఆల్టోలో ప్రీఎంప్షన్, ఫోర్టిగేట్‌లో ఓవర్‌రైడ్, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉన్నాయి, అలాగే ఉండనివ్వండి.

దీంట్లో ఇంకో పెద్ద గొయ్యి ఉంది. ఫోర్టిగేట్‌లో ఓవర్‌రైడ్ ఆన్‌లో ఉంటే ప్రయారిటీ నంబర్ పెద్దగా ఉన్నదే ప్రైమరీ. 200 ప్రయారిటీ ఉన్న ప్రైమరీ కాలిపోయింది, 100 ఉన్న రెండోది సైట్ అంతటినీ మోస్తోంది, ఓవర్‌రైడ్ ఆన్‌లో ఉంది. కంపెనీ నుంచి కొత్త బాక్స్ వచ్చింది, దాని డిఫాల్ట్ ప్రయారిటీ 128. హెచ్‌ఏ పేరు, పాస్‌వర్డ్ కొట్టి కేబుళ్లు పెట్టేస్తే 128 గెలుస్తుంది, ఖాళీ బాక్స్ ప్రైమరీ అయి తన ఖాళీ కాన్ఫిగ్‌ని నడుస్తున్న బాక్స్ మీద రుద్దుతుంది. అందుకే కొత్త బాక్స్ కలిపేముందు నడుస్తున్నదాని బ్యాకప్ నా ల్యాప్‌టాప్‌లోకి తీసుకుంటాను, కొత్తదాని ప్రయారిటీ బాగా తగ్గిస్తాను, ముందు హార్ట్‌బీట్ కేబుళ్లు మాత్రమే పెడతాను, సింక్ అయిందని రెండు వైపులా చూశాకే డేటా కేబుళ్లు. పాలో ఆల్టోలో దీనికి తిరకాసు, అక్కడ చిన్న నంబర్‌దే పెద్దరికం. రెండు బ్రాండ్లూ చూసేవాళ్లు ఇక్కడే పొరబడతారు.

అపోహ: హెచ్‌ఏ ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదు.

మీరు తప్పు పాలసీ కొడితే అది క్షణాల్లో రెండు బాక్సుల్లోనూ ఉంటుంది. అంతే.

అపోహ: రీబూట్ కమాండ్ ఇచ్చి చూశాం, టెస్ట్ అయిపోయింది.

రీబూట్ అంటే బాక్స్ పద్ధతిగా చెప్పి వెళ్లిపోవడం, నిజం ప్రమాదం అలా రాదు. నేనైతే మెయింటెనెన్స్ విండోలో ఒక ఫోన్ కాల్, ఒక పెద్ద ఫైల్ డౌన్‌లోడ్, ఒక వీపీఎన్, ఒక పింగ్ నడుస్తుండగా యాక్టివ్ బాక్స్ పవర్ కేబుళ్లు రెండూ లాగేస్తాను. అది లేచాక అప్‌లింక్ కేబుల్, ఆ తర్వాత ఒక హార్ట్‌బీట్ కేబుల్, ఆఖర్న కోర్ స్విచ్‌ల్లో ఒకటి. ప్రతిసారీ ఎన్ని పింగ్‌లు పోయాయి, కాల్ తెగిందా, డౌన్‌లోడ్ ఆగిందా అన్నది తారీఖుతో సహా కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి లోపలి వైపు అంటించి వస్తాను.