సీడీల నుంచి కంప్యూటర్‌లోకి: ఆడియో ఫార్మాట్ల గురించి అపోహలు - వాస్తవాలు

చెన్నైలోని తెలుగు కుటుంబాలు రిప్ చేసిపెట్టమని, అంటే సీడీలోని ధ్వనిని కంప్యూటర్ ఫైళ్లుగా మార్చిపెట్టమని, నాకు అప్పగించే సీడీలలో ఎక్కువ భాగం కర్ణాటక సంగీత కచేరీలు, ఆ తర్వాత సినిమా పాటలు ఉంటాయి. ఏ ఫార్మాట్‌లో పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు ప్రతి ఇంటా దాదాపు ఈ మాటలే వినబడతాయి.

అపోహ: 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3 చాలు, తేడా ఎవరికీ తెలియదు.

వాస్తవం: తేడా తెలియదన్న మాట చాలావరకు నిజమే. మంచి ఎన్‌కోడర్‌తో చేసిన 320 కేబీపీఎస్ ఫైలును, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే, అసలు సీడీ నుంచి వేరుచేసి గుర్తుపట్టగలిగేవారు అరుదు. అయితే వినడానికి చాలినది భద్రపరచడానికి చాలదు. చెవికి అందదని లెక్కగట్టిన సమాచారాన్ని ఎంపీ3 శాశ్వతంగా తొలగిస్తుంది కనుక, రేపు దాన్ని మరో చిన్న ఫార్మాట్‌లోకి మార్చినప్పుడు ఆ తొలగింపు మీద మరో తొలగింపు జరుగుతుంది. ఏ సమాచారాన్నీ వదలకుండా కుదించే ఫ్లాక్ వంటి లాస్‌లెస్ ఫార్మాట్ నుంచి ఎంపీ3ని ఎప్పుడైనా తయారుచేసుకోవచ్చు. ఎంపీ3 నుంచి సీడీని తిరిగి రాబట్టలేము.

కచేరీల విషయంలో మరో చిక్కు ఉంది. ఎంపీ3 ధ్వనిని 1,152 శాంపిళ్ల (ధ్వని కొలతల) ఫ్రేములుగా విడగొడుతుంది కాబట్టి ప్రతి ట్రాకు మొదట, చివర కొంత నిశ్శబ్దం చేరుతుంది. దాన్ని లెక్కించి వదిలేసే ప్లేయరైతే సరే, లేకపోతే రాగం నుంచి తానానికి మారే చోట తంబూర శ్రుతి ఒక్క క్షణం తెగుతుంది. సినిమా పాటల మధ్య ఎవరూ పట్టించుకోని ఈ ఖాళీ, ఆగకుండా సాగే శ్రుతిలో స్పష్టంగా వినబడుతుంది.

అపోహ: ఫ్లాక్‌కు డిస్కులో చోటు చాలదు.

వాస్తవం: గంట నిడివి గల సీడీ ధ్వని సుమారు 635 ఎంబీ, ఫ్లాక్‌లో అది సాధారణంగా 300 నుంచి 400 ఎంబీకి తగ్గుతుంది. అంటే 500 సీడీలకు 200 జీబీ సరిపోతుంది.

అపోహ: కుదించిన ఫ్లాక్ కంటే కుదించని వేవ్ (WAV) ఫైలు మేలు.

వాస్తవం: ఫ్లాక్‌ను విప్పితే వచ్చే శాంపిళ్లు వేవ్‌లో ఉన్నవే. 0 నుంచి 8 వరకు ఏ కుదింపు స్థాయి ఎంచుకున్నా మారేది ఫైలు పరిమాణం, కుదించడానికి పట్టే సమయం మాత్రమే. పైగా రాగం, గాయకుడు, వాగ్గేయకారుడు వంటి వివరాలను తెలుగులో రాసుకోవడానికి ఫ్లాక్ ట్యాగులు అనువుగా ఉంటాయి. ఐఫోన్‌లోని మ్యూజిక్ యాప్ వాడేవారు యాపిల్ లాస్‌లెస్ ఎంచుకోవచ్చు. ఈ రెండింటి మధ్య ఎటు మార్చుకున్నా నష్టం లేదు.

అపోహ: 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో రిప్ చేస్తే నాణ్యత పెరుగుతుంది.

వాస్తవం: పెరిగేది ఫైలు పరిమాణమే. సీడీలో ఉన్నది 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్.

అపోహ: ఫార్మాట్ సరైనదైతే చాలు, ఏ సాఫ్ట్‌వేర్‌తో రిప్ చేసినా ఒకటే.

వాస్తవం: నా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. డేటా డిస్కులో 2,352 బైట్ల సెక్టారులో 2,048 బైట్లే డేటా. మిగిలినవి అదనపు దోష సవరణ వంటి పనులకు ఉంటాయి. ఆడియో సీడీలో ఆ 2,352 బైట్లూ ధ్వనికే పోతాయి. అందువల్ల గీతలు పడి చదవలేకపోయిన చోట డ్రైవు ఊహించి పూరించి, ఆ సంగతి మనకు చెప్పకుండానే ముందుకు సాగిపోవచ్చు. ఆ ఊహను ఫ్లాక్ కూడా యథాతథంగా భద్రపరుస్తుంది. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్ అనుమానమున్న చోట మళ్లీ మళ్లీ చదివి, ఫలితాన్ని యాక్యురేట్‌రిప్ అనే ఆన్‌లైన్ జాబితాలో ఇతరులు నమోదు చేసిన చెక్‌సమ్‌తో (డేటా నుంచి లెక్కగట్టిన సరిచూపు సంఖ్యతో) పోలుస్తుంది. సభలో రికార్డు చేసి ఇంట్లో రాసుకున్న సీడీ ఆ జాబితాలో ఉండదు. అప్పుడు ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో దొరికే మరో యూఎస్‌బీ డ్రైవు తెచ్చి, రెండింటి ఆఫ్‌సెట్ (చదవడం మొదలుపెట్టే చోటులోని తేడా) సరిచేసి, రెండుసార్లు చదివించి పోల్చుకోవాలి.

వంద పాటలున్న ఎంపీ3 డిస్కులను మాత్రం ఫ్లాక్‌లోకి మార్చవద్దు. ఉన్న ఫైళ్లను ఉన్నట్టే కాపీ చేసుకోండి.